చివరి 37 కార్డుల దగ్గర ఆగిపోయిన సెట్

ప్రశ్న: అమెరికా కంపెనీ టాప్స్ 1966లో వేసిన బేస్‌బాల్ కార్డుల సెట్ పూర్తి చేద్దామని మూడేళ్ల కిందట మొదలుపెట్టాను. 598 కార్డుల్లో 561 వచ్చాయి. మొదటి 400 ఏడాది తిరక్కుండానే చేతికొచ్చాయి. పోయిన ఏడాది మొత్తమ్మీద నాలుగే దొరికాయి. మిగిలిన 37లో 31 హై నంబర్లే, అంటే సెట్ చివర్లో వచ్చే పెద్ద నంబర్ల కార్డులే. ఒకప్పుడు రోజూ వెతికేవాణ్ని, ఇప్పుడు బైండర్ తెరవబుద్ధి కావడం లేదు. నాసిరకం కార్డులతో సరిపెట్టుకోవాలా, కొన్నాళ్లు పక్కన పెట్టాలా, లేక ఉన్నవి అమ్మేసి ఊరుకోవాలా? మిగిలిన కార్డుల జాబితా జతచేస్తున్నాను.
– ఒక పాఠకుడు

సమాధానం: ముందు మీరు అడిగిన మూడింటికీ సూటిగా జవాబు. ఇప్పుడే అమ్మకండి. తక్కువ కండిషన్ కార్డులు కొనొచ్చు, కానీ కొన్నిటికే, అదీ ఒక నియమం పెట్టుకుని. కొన్నాళ్లు పక్కన పెట్టడంలో తప్పేమీ లేదు, దానికీ ఒక పద్ధతుంది. అయితే ఉత్సాహం ఎందుకు నీరుగారిందో తేల్చుకోకపోతే ఈ మూడింటిలో ఏది చేసినా మళ్లీ ఇక్కడికే వస్తారు. మీ జాబితా చూస్తే ఆసక్తి చచ్చిపోయిన మనిషి రాసినట్టు లేదు. 37 నంబర్లూ వరస తప్పకుండా, పక్కన ఆటగాళ్ల పేర్లతో సహా రాశారు. చిక్కు ఎక్కడుందంటే, మొదటి 400 కార్డులు తెచ్చిపెట్టిన పద్ధతితోనే చివరి 37 కోసం కూడా వెతుకుతున్నారు. అది ఇక్కడ పనిచేయదు.

ఎందుకు పనిచేయదో లెక్కే చెబుతుంది. 132 కార్డుల సెట్ ఒకటి ఉందనుకోండి. అన్నీ సమానంగా అచ్చయ్యాయి, మీరు చూడకుండా ఒక్కొక్కటే తీస్తున్నారు. సగం సెట్, అంటే 66 వేర్వేరు కార్డులు పోగవడానికి సగటున 91 కార్డులు తీస్తే చాలు. సెట్ మొత్తం పూర్తవ్వాలంటే మాత్రం సగటున 721 తీయాలి. అందులో చివరి 10 కార్డుల కోసమే దాదాపు 387 పోతాయి. ఆఖరి ఒక్క కార్డుకే 132. అంటే 122 కార్డులు చేతిలో ఉండి, ఇక అయిపోవచ్చింది అనిపించే చోట అసలు శ్రమలో సగానికి పైగా మిగిలే ఉంటుంది. ప్యాకెట్లు విప్పినా, లోపల ఏముందో తెలియని లాట్లు (గుంపుగా కలిపి అమ్మే కార్డులు) కొన్నా ఇదే లెక్క. మీ వేగం పడిపోవడానికి మీ బద్ధకం కారణం కాదు. ఎవరికైనా అక్కడే పడిపోతుంది.

పైగా ఇది అన్ని కార్డులూ సమానంగా దొరికే సెట్ సంగతి. షార్ట్ ప్రింట్లు, అంటే మిగతావాటికన్నా తక్కువ అచ్చయిన కార్డులు, ఉన్న సెట్లలో పరిస్థితి ఇంకా కష్టం. కొత్త సెట్లలో మూడు ప్యాకెట్లకు ఒక షార్ట్ ప్రింట్ చొప్పున పెట్టి, అలాంటివి 100 ఉన్నాయనుకుంటే, ఒక్క డూప్లికేట్ కూడా రాకపోయినా 300 ప్యాకెట్లు విప్పాలి. డూప్లికేట్లు రాకుండా ఉండవు. అందుకే గుడ్డిగా తీయడం ఎక్కడ ఆపాలో ముందే గీత గీసుకోవాలి. 132లో 10 మిగిలినప్పుడు చూడకుండా తీసే కార్డు మీకు పనికొచ్చే అవకాశం దాదాపు 13లో ఒకటి. కావలసిన కార్డు విడిగా కొంటే పడే ధర, అలాంటి 13 కార్డులకు పెట్టే ఖర్చు కన్నా తక్కువైతే ఇక ప్యాకెట్లు, లాట్లు మానేసి విడి కార్డులే కొనాలి. ఆచరణలో చాలా సెట్లకు ఈ గీత 80 శాతం పూర్తయ్యేలోపే వచ్చేస్తుంది. మీరు దాన్ని ఎప్పుడో దాటారు.

ఇక మీ సెట్ సంగతి. 1973 దాకా టాప్స్ బేస్‌బాల్ కార్డులను ఒకేసారి కాకుండా వసంతం నుంచి విడతలు విడతలుగా సీరీస్‌ల పేరుతో విడుదల చేసేది. ఆఖరి సీరీస్ బయటికొచ్చే సరికి సీజన్ ముగింపుకొచ్చేది, బడులు తెరిచేవారు, పిల్లల దృష్టి ఫుట్‌బాల్ కార్డుల మీదికి మళ్లేది. దుకాణాల వాళ్లు తక్కువ తెప్పించేవారు, సంస్థ తక్కువ అచ్చువేసేది. 1966లో 523 నుంచి 598 దాకా ఉన్న 76 కార్డులు అలాంటివి. దీనికి తోడు ఈ కార్డులను అచ్చువేసే షీటు కొలత మారదు: 132 కార్డుల అర షీటు, రెండు కలిపి 264. అందులో 76 సమంగా పట్టవు. కొన్ని వరసలు ఎక్కువసార్లు, కొన్ని తక్కువసార్లు వస్తాయి. తక్కువసార్లు వచ్చినవే షార్ట్ ప్రింట్లు. మీ 550వ నంబరు విల్లీ మెకోవీ, 598వ నంబరు గేలార్డ్ పెర్రీ రెండూ ఆ కోవలోవే. 1974 నుంచి సెట్ మొత్తం ఒకేసారి రావడంతో ఈ బాధ తప్పింది. ఈ కరువు మీ సెట్ ఒక్కదానిదే కాదు. 1952 టాప్స్ హై నంబర్లు అమ్ముడుపోక గిడ్డంగిలో మిగిలిపోతే, ఆ పెట్టెలను 1960లో అట్లాంటిక్ సముద్రంలో పారబోయించామని ఆ సెట్‌ను రూపొందించిన సై బెర్గర్ చెప్పారు. కార్డులు దొరక్కపోవడానికి ఇలా కార్ఖానాలోనే కారణాలుంటే, వారం వారం ఖాళీ చేతులతో రావడాన్ని మీ వైఫల్యంగా లెక్కేసుకోకూడదు.

ఇప్పుడు పనిలోకి వద్దాం. మొట్టమొదట, పూర్తవడం అంటే ఏమిటో ఒక కాగితం మీద రాయండి. చిన్నపనిలా కనిపిస్తుంది గానీ మధ్యలో ఆగిపోయిన సెట్లలో చాలా వాటికి ఈ కాగితం ఉండదు. గమ్యం జరుగుతూ ఉంటే ఎంత నడిచినా దగ్గరపడినట్టు ఉండదు. ఉదాహరణకు మీ సెట్‌లోనే 62, 91, 103, 104 నంబర్లు రెండేసి రకాలుగా ఉన్నాయి: వెనకవైపు ఆటగాడి బదిలీ గురించిన వాక్యం ఉన్నవి, లేనివి. 598 నంబర్ల బేసిక్ సెట్‌కు ఏదో ఒకటి చాలు. మాస్టర్ సెట్‌కు రెండూ కావాలి. 1969 టాప్స్‌లో పేరు తెల్ల అక్షరాల్లో ఉన్న రకాలు, 1952 టాప్స్‌లో మొదటి 80 కార్డులకు ఉన్న నల్ల వెనకలు, ఎర్ర వెనకలు కూడా ఇలాంటివే. మా సలహా, బేసిక్ సెట్ ముగిసేదాకా ఈ రకాల వైపు చూడకండి. చూస్తే 37 కాస్తా తెల్లారేసరికి 50 అవుతుంది.

వెతికే కార్డు అసలు ఉందో లేదో కూడా ఒకసారి సరిచూసుకోవాలి. మీ జాబితాలో అలాంటి పొరపాటు లేదు గానీ ఇతర సెట్లు కడుతున్నవాళ్ల కోసం చెబుతున్నాం. 1961 టాప్స్ నంబర్లు 589 దాకా వెళ్తాయి, కార్డులు మాత్రం 587. 426, 587, 588 నంబర్లతో కార్డులే రాలేదు, 463 మాత్రం రెండు కార్డుల మీద ఉంది. గౌడీ కంపెనీ 1933 సెట్‌లో 106వ నంబరు ఆ ఏడాది రానేలేదు. నాప్ లజోయీ బొమ్మతో దాన్ని 1934లో అచ్చువేసి, ఉత్తరం రాసి అడిగినవాళ్లకు పోస్టులో పంపారు. ఆ సెట్ కట్టేవాళ్లలో ఎక్కువమంది లజోయీ లేకుండా 239తోనే సరిపెట్టుకుంటారు. పొగాకు పెట్టెల్లో వచ్చిన టీ206 సెట్ 1909–11 నాటిది, మొత్తం 524. హోనస్ వాగ్నర్, ఎడ్డీ ప్లాంక్, పేరు తప్పుగా పడిన మేగీ, జో డాయిల్ తప్పు కార్డు అనే నాలుగింటినీ వదిలి 520 దగ్గర పూర్తయిందని చెప్పడం అందరూ ఒప్పుకున్న ఆనవాయితీ. ఇలాంటి మజిలీ పెట్టుకోవడం ఓటమి కాదు. మీకైతే 1 నుంచి 522 దాకా పూర్తిచేయడం మొదటి మజిలీ. దానికి మిగిలింది 6 కార్డులే.

ఆ ఆరింటినీ, 31 హై నంబర్లనూ ఒకే జాబితాలో కలిపి పెట్టుకోవడమే మిమ్మల్ని ఎక్కువ కుంగదీస్తోంది. 37 అనే అంకె ఎంతకీ కరగడం లేదు, ఎందుకంటే అందులో నాలుగు వేర్వేరు ఇబ్బందులు కలిసి ఉన్నాయి. విడదీసి చూడండి. మొదటి రకం: 522 లోపు ఉన్న మామూలు ఆటగాళ్ల కార్డులు 3. ఇవి ఎక్కడైనా దొరుకుతాయి, మీ దృష్టంతా హై నంబర్ల మీదుండి వీటిని పట్టించుకోలేదంతే. రెండో రకం: డబ్బు అడ్డం పడుతున్నవి. 1వ నంబరు విల్లీ మేస్, 50వ నంబరు మికీ మాంటిల్, 126వ నంబరు జిమ్ పామర్ తొలి కార్డు. ఇవి అరుదైనవేమీ కావు, ఏ రోజు వెతికినా అమ్మకానికి పదుల్లో ఉంటాయి. కావలసింది సొమ్ము, ఓపిక. మూడో రకం: హై నంబర్లలో షార్ట్ ప్రింట్ కానివి, మీ జాబితాలో 13. నాలుగోది: షార్ట్ ప్రింట్లు 18. నిజంగా వేట అవసరమైనవి ఈ 18 మాత్రమే.

వీటిని ఏ వరసలో తెచ్చుకోవాలన్నది ముఖ్యం. తేలికవన్నీ ముందు కొనేసి కష్టమైనవి చివరికి ఉంచుకోవడం చాలామంది చేసే పని. అలా చేస్తే ఆఖర్న మాంటిల్, మేస్, పెర్రీ లాంటివే మిగిలి, ఆరు నెలలకు ఒక్క కార్డు వస్తుంది. ఆరు నెలలు ఏమీ రాని అభిరుచి దానంతటదే ఆరిపోతుంది. అందుకని తేలికవాటిని దాచుకుని వాడుకోండి. మొదటి రకం 3, మూడో రకం 13 కలిపి మీ దగ్గర తేలిక కార్డులు 16 ఉన్నాయి. నెలకు రెండు చొప్పున తీసుకున్నా 8 నెలలు వస్తాయి. వాటితో పాటు నెలకు ఒక కష్టమైన కార్డు లక్ష్యంగా పెట్టుకోండి. షార్ట్ ప్రింట్లు 18, స్టార్ కార్డులు 3, మొత్తం 21 నెలలు. దొరకని నెలలుంటాయి కాబట్టి రెండు, రెండున్నరేళ్లు అనుకోండి. ఇంత సమయం పడుతుందని ఇప్పుడే ఒప్పుకుంటే ఖాళీగా గడిచిన నెల బాధపెట్టదు. నెలకింత అని సొమ్ము పక్కన పెట్టండి. కార్డు దొరకని నెల ఆ సొమ్మును వేరే కార్డుల మీద ఖర్చు చేయకుండా మాంటిల్ ఖాతాలో వేయండి. అప్పుడు ఏమీ దొరకని నెల కూడా సెట్‌ను ఒక అడుగు ముందుకు నెడుతుంది.

బైండర్ తెరవబుద్ధి కావడం లేదన్నారు. దాన్ని కొంచెం మార్చండి. తొమ్మిది అరల పేజీల్లో పెడితే 522 కార్డులు సరిగ్గా 58 పేజీలు నింపుతాయి. 523వ నంబరు 59వ పేజీ మొదటి అరలో మొదలవుతుంది. హై నంబర్లన్నీ అక్కణ్నుంచి 67వ పేజీ దాకా తొమ్మిది పేజీలు, చివరి పేజీలో నాలుగే కార్డులు. ఈ తొమ్మిది పేజీలనూ విడిగా సన్నని బైండర్‌లో పెట్టండి. 58 పేజీల బరువైన బైండర్ దాదాపు పూర్తయిన వస్తువుగా అరలోకి వెళ్తుంది, పని జరిగేది సన్న బైండర్‌లోనే. ఖాళీ అరల్లో నంబరు, పేరు రాసిన తెల్ల అట్టముక్క పెట్టండి, అర ఖాళీగా వదలకండి. ఆ ముక్క తీసి కార్డు పెట్టడం ప్రతిసారీ కంటికి కనిపించే పని. తర్వాత పేజీని లక్ష్యంగా పెట్టుకోండి. మీ జాబితా ప్రకారం 64వ పేజీలో, అంటే 568 నుంచి 576 దాకా, రెండే ఖాళీలున్నాయి. 62వ పేజీలో మెకోవీతో కలిపి ఆరు. ముందు 64 ముగించండి. రెండు కార్డులతో ఒక పేజీ నిండుతుంది. 37లో రెండు తగ్గితే వచ్చే తృప్తికీ దీనికీ పోలికే లేదు.

బైండర్ రింగులు గుండ్రంగా కాకుండా డి ఆకారంలో ఉన్నవి కొనండి. గుండ్రని రింగుల దగ్గర పేజీలు వంగి మొదటి, చివరి కార్డుల అంచులు నొక్కుకుపోతాయి. పేజీలు పాలీప్రొపిలీన్‌వి కావాలి. పాత పీవీసీ పేజీలు కాలం గడిచేకొద్దీ జిగురెక్కి కార్డుకు అంటుకుంటాయి.

కండిషన్ విషయానికొస్తే, మీ సెట్ చాలావరకు మూలలు పదునుగా ఉన్న కార్డులని రాశారు. మిగిలిన 37 కూడా అలాగే ఉండాలనుకుంటే షార్ట్ ప్రింట్ల దగ్గర ఏళ్లు పడుతుంది. ఇక్కడ రెండు మెట్లు పెట్టుకోండి. 522 లోపు మామూలు ఆటగాళ్ల కార్డులకు ఇప్పుడున్న ప్రమాణమే. హై నంబర్లకు మూలలు కాస్త గుండ్రబడ్డా, బొమ్మ ఒక పక్కకు జరిగినా సరే. పెన్ను రాత, టేపు, గుండుసూది రంధ్రం, వెనక కాగితం లేచిపోవడం, బొమ్మ మీదుగా మడత మాత్రం వద్దు. ఈ ఐదింటినీ కాగితం మీద రాసుకుంటే ప్రతి కార్డు దగ్గరా తటపటాయించక్కర్లేదు. చెక్‌లిస్ట్ కార్డులకు (సెట్‌లోని కార్డుల జాబితా ఉన్నవి) మాత్రం ఒక సడలింపు ఇవ్వొచ్చు. పిల్లలు టిక్కులు పెట్టడానికే వాటిని వాడేవారు కాబట్టి గుర్తుల్లేనివి దొరకడం కష్టం, పెన్సిల్ గుర్తులున్నవి తీసుకోండి. 1వ నంబరు, 598వ నంబరు దగ్గర కూడా పట్టు కొంత వదలండి. కార్డులను నంబరు వరసలో పేర్చి రబ్బరు బ్యాండు వేసేవారు, అన్నిటికన్నా పైన, కింద ఉన్నవి ఎక్కువ నలిగాయి. పెర్రీ కార్డు చివరి నంబరు, పేరున్న ఆటగాడు, షార్ట్ ప్రింట్ మూడూ కావడం వల్ల మంచి కండిషన్‌లో ఎప్పుడూ ఖరీదే.

తక్కువ కండిషన్ కార్డు కొని, మంచిది దొరికాక మార్చుకుందామనే ఆలోచన మంచిదే. కాకపోతే ఒక ఉచ్చు ఉంది. మార్చడం మొదలుపెడితే డబ్బు, దృష్టి రెండూ ఉన్న కార్డుల మీదికే పోతాయి, ఖాళీలు ఖాళీలుగానే ఉంటాయి. అందుకని నియమం ఇది: 598వ అర నిండేదాకా ఒక్క కార్డునూ మార్చవద్దు. కళ్లముందు ఎంత మంచి కార్డు ఊరించినా సరే.

వెతికే జాబితాను కూడా మార్చండి. మీరు పంపినదాంట్లో నంబరు, పేరు ఉన్నాయి. వాటి పక్కన ఇంకో నాలుగు గడులు గీయండి: షార్ట్ ప్రింటా కాదా, ఒప్పుకునే కనీస కండిషన్, ఇవ్వగలిగిన గరిష్ఠ ధర, ఇటీవల అమ్ముడైన మూడు ధరలు తేదీలతో. అమ్ముడైన ధర అంటే అడిగే ధర కాదు. ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో అమ్ముడైనవి మాత్రమే చూపే ఫిల్టర్ ఉంది, సుమారు మూడు నెలల అమ్మకాలు కనిపిస్తాయి. షార్ట్ ప్రింట్లకు అడిగే ధరలు ఒక్కోసారి అమ్ముడైన ధరకు రెండింతలుంటాయి. అవే చూసి చూసి ఇక ఎప్పటికీ కొనలేమనే నిస్పృహ వస్తుంది. మూడు నిజమైన ధరలు కళ్లెదుట ఉంటే ఆ నిస్పృహలో సగం పోతుంది, మంచి కార్డు కనబడ్డప్పుడు నిమిషంలో నిర్ణయం తీసుకోగలుగుతారు. జాబితా ఎప్పుడూ నంబరు వరసలోనే ఉండాలి. డీలర్లు పాత కార్డులను నంబరు ప్రకారమే పెట్టెల్లో సర్దుతారు. పేర్ల వరసలో జాబితా చూపిస్తే రద్దీగా ఉన్న కార్డుల షోలో మీకోసం వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆన్‌లైన్‌లో రోజూ వెతకడం ఆపేయండి. ప్రతి షార్ట్ ప్రింట్‌కూ ఏడాది, సంస్థ, నంబరుతో ఒక సెర్చ్ దాచిపెట్టుకుని, కొత్తది రాగానే తెలిసేలా అలర్ట్ పెట్టండి. రీప్రింట్, డిజిటల్ అనే మాటలున్నవి రాకుండా మినహాయించండి. పేరు తప్పు రాసే అమ్మకందార్లు చాలామంది, అందుకే నంబరుతో ఒకటి, పేరుతో ఒకటి ఉండాలి. ఇవిగాక హై నంబర్ల లాట్ల కోసం ఇంకొకటి. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి అరగంట, అంతే. రోజూ చూసి ఏమీ దొరక్క లేచిపోవడమే మనసును ఎక్కువ అలసిపోయేలా చేస్తుంది.

లాట్లు మీకు పనికిరావని పైన చెప్పాం కదా, లోపల ఏముందో తెలిసిన హై నంబర్ల లాటు మాత్రం వేరే సంగతి. కొనేముందు ఈ లెక్క వేయండి. 20 కార్డుల లాటులో మీకు కావలసినవి 6. విడిగా అయితే ఆ ఆరింటికీ మీరిచ్చే గరిష్ఠ ధర మొత్తం 60 అనుకుందాం. మిగతా 14 ఒక్కొక్కటి 6 చొప్పున అమ్ముడవుతున్నాయి, అంటే 84. అమ్మకం రుసుము, పోస్టు, ప్యాకింగ్ పోగా మూడింట రెండు వంతులే చేతికొస్తుందనుకోండి, 56. రెండూ కలిపితే 116. మీ శ్రమకు కొంత వదులుకుని 100 దగ్గర ఆగిపోవాలి. వేలంలో 117 దాకా వెళ్తే డబ్బు పోయినట్టే కాక, అమ్మాల్సిన 14 కార్డులు మెడకు చుట్టుకుంటాయి. డూప్లికేట్ల గుట్ట పెరిగితే సెట్ అంటేనే విసుగొస్తుంది. ఒక లాటులో మిగిలినవి అమ్మాకే ఇంకో లాటు కొనండి.

డూప్లికేట్లు అమ్మడం కన్నా మార్పిడి మేలు, ముఖ్యంగా మీలాగే హై నంబర్ల దగ్గర ఆగిపోయినవాళ్లతో. వాళ్ల దగ్గర మీకు కావలసిన షార్ట్ ప్రింట్ రెండోది ఉండొచ్చు, దాన్ని డబ్బుకు ఇవ్వడానికి ఇష్టపడరు, తమకు లేని నంబరుకైతే వెంటనే ఇస్తారు. రెండువైపులా అమ్ముడైన ధరలతోనే లెక్క కట్టండి. పంపేటప్పుడు కార్డును పలచని స్లీవ్‌లో, ఆపైన టాప్‌లోడర్‌లో (గట్టి ప్లాస్టిక్ కవరు) పెట్టి, గోడలకు రంగులు వేసేవాళ్లు వాడే నీలి టేపును దాని నోటికి అంటించండి. మామూలు పారదర్శక టేపు అయితే తీసేటప్పుడు జిగురు మిగులుతుంది, కార్డు జారి దానికి తగిలితే అంతే. రెండు అట్టముక్కల మధ్య కదలకుండా బిగించి బబుల్ కవరులో పంపాలి. ఒక మార్పిడి సాఫీగా జరిగితే అదే మనిషి తర్వాత మీ జాబితా దగ్గర పెట్టుకుని వెతికిపెడతాడు. ఒంటరిగా వెతికేవాళ్లు వదిలేసినంత తొందరగా, ఇద్దరు ముగ్గురితో జాబితాలు పంచుకున్నవాళ్లు వదిలేయరు. డీలర్లతోనూ అంతే. రెండు మూడు షోలలో ఒకే టేబుల్ దగ్గర కొనండి, జాబితా నకలు ఇచ్చి రండి.

అలసిపోయినప్పుడే మోసపోయేది కూడా. ఏడాదిగా కళ్లు కాయలు కాసేలా చూసిన నంబరు సగం ధరకు కనబడితే పరీక్షించకుండా కొనేస్తాం. 1957 నుంచి టాప్స్ కార్డుల కొలత 2.5 × 3.5 అంగుళాలు. చేతిలోకి రాగానే మీ దగ్గరున్న 1966 మామూలు కార్డు మీద పెట్టి నాలుగు అంచులూ సరిచూడండి. కార్ఖానా కటింగ్‌లో కొద్దిపాటి తేడా ఉండొచ్చు, కానీ ఒక పక్క స్పష్టంగా పొట్టిగా ఉండి, ఆ అంచు మాత్రమే కొత్తగా తెల్లగా కనిపిస్తే మూలల పదును కోసం కత్తిరించారని అనుమానించాలి. పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో కార్డు మీది నల్ల అక్షరాలు చూడండి. అసలు కార్డులో అవి గట్టి సిరాతో నిండుగా ఉంటాయి. కార్డును స్కాన్ చేసి అచ్చువేసిన నకలులో అక్షరాల్లోనూ చుక్కలు కనిపిస్తాయి. అట్ట మందం, వెనక రంగు కూడా అదే మామూలు కార్డుతో పోల్చండి. మాంటిల్, మేస్, పామర్ మాత్రం పీఎస్ఏ లాంటి పేరున్న సంస్థ గ్రేడ్ చేసి డబ్బాలో బిగించినవే కొనడం క్షేమం. తక్కువ గ్రేడ్ అయినా ఫర్వాలేదు, అసలుదనే భరోసా ఉంటుంది. మిగతావాటికి గ్రేడింగ్ ఖర్చు దండగ, పైగా ఆ డబ్బా బైండర్‌లో పట్టదు.

ఇవన్నీ చదివాక కూడా మనసు రాకపోతే పక్కన పెట్టండి. మూడు నెలలని తేదీ వేసుకోండి. ఆ మూడు నెలలూ అలర్టులు ఆపేయండి, నెలసరి సొమ్ము మాత్రం మాంటిల్ ఖాతాలో పడుతూనే ఉండాలి. బైండర్లను పడుకోబెట్టకుండా నిలబెట్టి, తేమ, ఎండ తగలని చోట ఉంచండి. ఆఖరున ఎక్కడున్నారో, ఎవరితో ఏ మార్పిడి మాట్లాడారో ఒక పేజీ రాసి బైండర్ ముందు పెట్టండి. తిరిగి వచ్చినవాళ్లు చాలామంది ఎక్కడ ఆగామో గుర్తురాకే మళ్లీ మూసేస్తారు. ఈలోగా చేతులు ఊరుకోకపోతే చిన్న పని పెట్టుకోండి: మీ డూప్లికేట్లతో ఒక జట్టు సెట్ కట్టండి. 1966లో ఒక్కో జట్టుకు రెండు మూడు డజన్ల కార్డులకు మించవు. కొన్ని వారాల్లో ఒకటి పూర్తవుతుంది, పూర్తిచేయడం ఎలా ఉంటుందో మళ్లీ తెలుస్తుంది. ఇంకో 600 కార్డుల సెట్ మాత్రం మొదలుపెట్టకండి. కొత్త సెట్‌లో మొదటి సగం ఎప్పుడూ తేలికే, ఆ తేలిక కోసం ఒకదాని తర్వాత ఒకటి మొదలుపెట్టి నాలుగు సెట్లు మధ్యలో వదిలేసినవాళ్లున్నారు.

అమ్మకం గురించి ఆఖరి మాట. మూడు నెలలు ఆగి, 522 మజిలీకి కావలసిన ఆరు కార్డుల్లో కనీసం మూడు మామూలువి తెచ్చి పెట్టాక కూడా వద్దనిపిస్తే అప్పుడు అమ్మండి. మొత్తం ఒకేసారి ఒక డీలర్‌కు ఇస్తే అసంపూర్తి సెట్‌గా లెక్కకట్టి బాగా తగ్గిస్తాడు. మీ దగ్గరున్న 45 హై నంబర్లను ముందు వేరుచేయండి. వాటిలో షార్ట్ ప్రింట్లు ఒక్కొక్కటిగా, మిగతావి అయిదేసి చొప్పున పెట్టండి. రోజ్, కోఫాక్స్, ఆరన్ లాంటి పెద్ద పేర్లు విడిగా. మిగిలిన మామూలు కార్డులన్నీ కలిపి ఒకే లాటుగా, ఏ నంబర్లు లేవో స్పష్టంగా రాసి పెట్టాలి. ఈ సెట్ కొత్తగా మొదలుపెట్టే మనిషికి అలాంటి లాటే కావాలి. బైండర్, పేజీలతో సహా ఇస్తే తొందరగా పోతుంది.